మూడున్నర కిలోల అబద్ధం

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, టైల్స్ దుకాణం పై అంతస్తులో ఉన్న జిమ్‌లో పద్నాలుగేళ్లు కోచ్‌గా పనిచేసి మానేశాను. మోకాళ్లు ఇక మెట్లెక్కనివ్వడం లేదు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. అందరిదీ ఒకటే గోడు. "సార్, బరువు తగ్గాలని వస్తున్నరు. పదిహేను దినాలు మస్తు ఉరుకుతరు. రెండో నెలకు పత్తా ఉండరు. ఎట్ల నిలబెట్టాలె?"

ఓపిక పట్టండని చెప్పి, చాయ్ తాగించి పంపేస్తాను. నిజానికి మనుషుల్ని నిలబెట్టే ఉపాయం నా దగ్గర ఒకటి ఉండేది. అంత బాగా పనిచేసే ఉపాయాన్ని నేను మరొకటి చూడలేదు. దాని వల్ల ఏమైందో ఇంతవరకు ఒక్క కుటుంబానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ పనిలో ఉన్న మీరు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, ఇప్పుడు మీ కోసమే రాస్తున్నాను.

జిమ్‌కు వచ్చే కుర్రాళ్లతో పేచీ ఉండదు. వాళ్లకు కండలు కావాలి, వాళ్లను అద్దమే నిలబెడుతుంది. కష్టమంతా బరువు తగ్గడానికి వచ్చేవాళ్లతోనే. పదేళ్లు పెంచిన పొట్ట పది రోజుల్లో పోవాలంటారు. కొత్త బూట్లు కొని, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో పాడుకున్నంత సంబరంగా ఊరంతా చెప్పుకుంటారు. వారం గడిచాక మిషన్ ఎక్కితే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు ఆ ముఖం చూడలేం. మరుసటి రోజు నుంచి నడుం నొప్పులు, చుట్టాల పెళ్లిళ్లు మొదలవుతాయి.

మా దగ్గర సోమవారం తూకం రోజు. మిషన్ పాతది, గుండ్రటి పలకలో ముల్లు తిరిగే రకం. పక్కన వేలితో తిప్పే చిన్న చక్రం ఉండేది. ముల్లును సున్నా దగ్గరికి తెచ్చుకోవడానికి పెట్టిన చక్రమది. నాకు పని నేర్పిన పట్నం కోచ్ ఒకాయన దాన్ని ఇంకో పనికి వాడేవాడు. సభ్యుల ఉత్సాహం తగ్గినప్పుడల్లా ముల్లును అర కిలో, కిలో వెనక్కి తిప్పేవాడు. "ముల్లు జర కదిలితే మనిషి మస్తు కదులుతడు" అనేవాడు. నేనూ అదే పట్టుకున్నాను. సంవత్సరంలో ఒకటి రెండుసార్లు, ఎవరూ లేనప్పుడు తిప్పేవాణ్ణి. మళ్లీ నెమ్మదిగా సరిచేసేవాణ్ణి. తూకం లేని రోజుల్లో దుమ్ము పడుతుందని చెప్పి దాని మీద తువ్వాలు కప్పి ఉంచేవాణ్ణి. ఇది మోసమని ఒక్కనాడూ అనుకోలేదు. మందు చేదు తెలియకుండా బెల్లం పెట్టడమే అనుకున్నాను.

ఆడవాళ్ల బ్యాచ్ చూసే అమ్మాయి మాత్రం డిజిటల్ మిషన్ కొందామని పోరు పెట్టేది. "దానికి దయ ఉండదమ్మా" అని నవ్వేసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక మనిషి వచ్చాడు. నలభై ఆరేళ్లు ఉంటాయి. ప్లాట్లు అమ్మే పని. నాదర్‌గుల్ నుంచి మహేశ్వరం దాకా ఏ వెంచర్‌లో ఏ ప్లాటు తూర్పు ముఖమో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. సైటు చూపించడం, చాయ్ తాగించడం, బేరం కుదిరితే అందరూ కూర్చుని బిర్యానీ తినడం, ఇదే ఇరవై ఏళ్ల బతుకు. ఆ బిర్యానీలన్నీ ఆయన నడుం చుట్టూ లెక్క తప్పకుండా కనిపించేవి. చేతిలో ఏదో ఫైలు పట్టుకుని ఉన్నాడు.

"సార్, మూడు నెలల్ల నాకు పది కిలోలు తగ్గాలె."

"ఏం తమ్మీ, ఇంట్ల పెండ్లి ఉన్నదా?" అని ఎకసెక్కెమాడాను.

"పెండ్లి కాదు సార్. మా ఇంటామెకు లివర్ ఖరాబైంది. నాదాంట్లకెళ్లి ముక్క ఇయ్యాలె. నీ లివర్‌కు గూడ కొవ్వు పట్టింది, తగ్గించుకొని రా అన్నరు డాక్టర్లు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

కూర్చోబెట్టి అంతా అడిగాను. ఆమెకు మొదట కామెర్లన్నారట. పసరు తాగించారు. తీరా పట్నం దవాఖానకు తీసుకెళ్లేసరికి లివర్ దాదాపు అయిపోయిందని తేలింది. వాళ్లకు ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. నేనిస్తానని ఆ పిల్లే ముందు నిలబడిందట గానీ రక్తం గ్రూపు కలవలేదు. భార్య తమ్ముడికి షుగర్. మిగిలింది ఈయనొక్కడే. దవాఖానలో తూచితే ఎనభై నాలుగు వచ్చింది. డెబ్బై నాలుగుకు దిగి మూడు నెలలకు రమ్మన్నారు, అప్పుడు మళ్లీ స్కాన్ తీసి ఆపరేషన్ తేదీ చెప్తామన్నారు. ఆమె ఎన్నాళ్లు ఆగగలదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆలస్యం మాత్రం చేయొద్దన్నారట.

మిషన్ ఎక్కించాను. ఎనభై రెండున్నర చూపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గిదేంది సార్? మొన్ననే దవాఖానల ఎనభై నాలుగుంటి!"

అప్పటికి ముల్లు ఒకటిన్నర కిలో వెనక ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు. కానీ పక్కన పాత సభ్యులు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నా మిషన్ తప్పని నేనెలా చెప్తాను? "దవాఖానల బూట్లతోని, తిన్నంక తూచి ఉంటరు తమ్మీ" అన్నాను. ఆయన నమ్మాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లు మమ్మల్ని ఎంత నమ్ముతారో మీకు తెలుసు. గురువారం మొలకలు తినమంటే శుక్రవారం తిన్నందుకు క్షమాపణ అడిగేవాళ్లను చూశాను.

ఈ పద్నాలుగేళ్లలో అద్దం కోసం వచ్చినవాళ్లను, పెళ్లి కోసం వచ్చినవాళ్లను, డాక్టరు భయపెడితే వచ్చినవాళ్లను చూశాను. ఇంకొకరి ప్రాణం కోసం చెమట కార్చినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. పొద్దున అయిదున్నరకు నేను షటర్ లేపేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. మొదటి వారం నాలుగు నిమిషాలు పరుగెత్తితే ఆయాసంతో కూలబడేవాడు. నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాడు. తిండి సంగతి కూతురు చూసుకునేది. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, అన్నీ కొలత ప్రకారమే. "మా పిల్ల జైలర్ సార్. వెంచర్ కాడికి గూడ ఫోన్ చేసి ఏం తిన్నవ్ బాపూ అంటది" అని మురిసిపోతూ చెప్పేవాడు.

ఒకరోజు భార్య కూడా వచ్చింది. దవాఖానకు వెళ్తూ దారిలో చూసిపోతానందట. పలచబడిన మనిషి, కళ్లు పచ్చగా ఉన్నాయి. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. అద్దం పక్కన బల్ల మీద కూర్చుని, పరుగెత్తుతున్న మొగుణ్ణి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. గీయన ఉరుకుడు ఇయ్యాలనే చూస్తున్న."

ఆయన పరుగు ఆపకుండానే "నీ కోసమే గదనే" అన్నాడు. కుర్రాళ్లంతా ఈలలు వేశారు. వెళ్లేటప్పుడు ఆమె నా దగ్గర ఆగింది. "అన్నా, ఆయనను మస్తు సతాయించకు. నా కోసం గింత చేసిండు, నాకు గది సాలు" అంది. నీకేం కాదు చెల్లే అన్నాను.

ఆరో వారంలో ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఏడో వారమూ అదే. ఎనిమిదో వారమూ అదే. శరీరం అప్పుడప్పుడు ఇలా మొండికేస్తుంది, కొన్నాళ్లకు దానంతటదే దారికొస్తుంది. ఇది మనకు తెలిసిన సంగతే. ఆయనకు చెప్పాను కూడా. వినలేదు. మూడో సోమవారం మిషన్ దిగి బల్ల మీద కూలబడ్డాడు.

"నా పెయ్యే నాకు దుష్మన్ అయింది సార్. ఇంటికి పోయి ఆమెకు వారం వారం చెప్పాలె, ఈసారి గూడ తగ్గలే అని. ఆమె ఏమన్నా అంటే బాగుండు. ఏమనది. ఇగ నాతోని కాదు."

మరుసటి రోజు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి శనివారం ఎత్తితే, ఒక్క సోమవారం వచ్చి చూసుకో, అప్పుడు మానెయ్యి అని బతిమాలాను. ఆదివారం మధ్యాహ్నం జిమ్‌కు సెలవు. తాళం తీసి, తువ్వాలు తొలగించి, చక్రం మరో రెండు కిలోలు తిప్పాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

సోమవారం డెబ్బై ఆరు వచ్చింది. ఆయన నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "డెబ్బై ఆరుకు వచ్చిన! నిజమేనే, మాస్టర్ పక్కనే ఉన్నడు, అడుగు!" అని అరుస్తున్నాడు. నేను ఫోన్ తీసుకుని అవునమ్మా అన్నాను. ఆమె ఏడుస్తున్నట్టు వినిపించింది.

పదకొండు గంటలకు ఆడవాళ్ల బ్యాచ్ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. "సార్, ఇయ్యాల మా బ్యాచ్ల అందరు రెండేసి కిలోలు తగ్గిండ్రు. గట్లెట్ల?"

"మంచిగ చేయిస్తున్నవ్ కాబట్టి."

ఆమె మిషన్ వంక చూసింది, నా వంక చూసింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఉపాయం పారింది. ఆయన మళ్లీ పరుగందుకున్నాడు, ముందుకంటే గట్టిగా. నిజంగానే తగ్గాడు కూడా. దవాఖాన తేదీకి ఇంకా రెండు వారాలు ఉందనగా మా ముల్లు డెబ్బై నాలుగు మీద నిలిచింది. జిమ్ అంతా చప్పట్లు కొట్టింది. నేను ఆయన భుజం తట్టి, "ఇగ ఆపు తమ్మీ. కడుపు కోస్తరు, ఒంట్ల తాకత్ ఉండాలె. గీ రెండు వారాలు జర నడువు, మంచిగ తిను" అన్నాను.

ఆ మూడున్నర కిలోల సంగతి నాకు గుర్తు లేదా? ఉంది. లేదని చెబితే ఈ రాత రాయడం దండగ. కానీ మనిషి చురుగ్గా కనిపిస్తున్నాడు, పొట్ట తగ్గింది, డాక్టర్లు చూసేది స్కాన్ గానీ కిలోలు కాదులే అనుకున్నాను. పైగా అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ అంకెను నేనూ నమ్మేశాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన దవాఖాన నుంచి నేరుగా జిమ్‌కు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీదే ఉన్నాడు.

"డెబ్బై ఎనిమిది సార్."

నేను నోరు తెరవకముందే ఆయనే చెప్పుకుపోయాడు. "మొన్న మహేశ్వరంల మా మేనమామ కొడుకు పెండ్లయింది. మటన్ తిన్న సార్. రెండుసార్లు పెట్టిచ్చుకున్న. మా పిల్ల చెయ్యి పట్టుకొని ఆపింది. మాస్టరే తినమన్నడు, నువ్వెవ్వరే అన్న. నాలుగు కిలోలు పెరిగిన సార్ నేను. స్కాన్‌ల ఇంక కొవ్వు ఉన్నదట. ఇంకో నెల ఆగి రమ్మన్నరు."

"నేనే గదా తమ్మీ తినమన్నది" అన్నాను.

"నువ్వు తినమన్నవ్ గాని, గంత తినమన్నవా సార్?"

రెండు వారాల్లో నాలుగు కిలోలు ఎవరూ పెరగరని మీకూ నాకూ తెలుసు. ఆయనకు తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. "నెల దినాల్ల దించుదాం తియ్" అన్నాను.

మరునాటి నుంచి పొద్దున, సాయంత్రం రెండు పూటలా వచ్చాడు. పందొమ్మిది రోజులు వచ్చాడు. ఇరవయ్యో రోజు రాలేదు. ఆమెకు జ్వరం వచ్చింది, కడుపులో చేరిన నీళ్లకు చీము పట్టింది, ఐసీయూలో మూడు రోజులు ఉంచారు. అంతే, పోయింది.

వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో షామియానా కింద మగవాళ్ల మధ్య నిలబడ్డాను. తల్లి శవం దగ్గర ఉన్న కూతురి పక్కన ఆయన కూర్చోబోయాడు. ఆ పిల్ల జరిగి కూర్చుంది. గట్టిగా అరవలేదు. "రెండు వారాలు నోరు కట్టుకోలేకపోయినవా బాపూ?" అంది, అంతే. షామియానా కింద అందరికీ వినబడింది. ఆయన తల దించుకున్నాడు. కాదని చెప్పగలిగిన మనిషిని అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. చెప్పకుండా, చేతులు కట్టుకుని నిలబడి, మట్టి చేసిందాకా ఉండి వచ్చేశాను.

ఆ మూడున్నర కిలోలే ఆమెను చంపాయా? తెలియదు. తర్వాత ఒక డాక్టరును ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. చెప్పలేమన్నాడు. అన్నీ సరిగ్గా కుదిరినా ఆమె దక్కకపోయి ఉండొచ్చన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోవాలని చూశాను. కానీ నాకు ఖాయంగా తెలిసినది ఒకటి ఉంది. నిజం బరువు తెలిసి ఉంటే ఆ రెండు వారాలు ఆయన నడిచేవాడు కాదు, పరుగెత్తేవాడు. ఆ పెళ్లికి వెళ్లేవాడే కాదు.

తర్వాతి ఆదివారం ముల్లును సున్నాకు తెచ్చాను. సోమవారం జిమ్ మొత్తం ఒక్కసారిగా మూడున్నర కిలోలు పెరిగింది. పెళ్లిళ్ల సీజన్ కదా అన్నాను. నలుగురైదుగురు బాధపడి మానేశారు. ఆడవాళ్ల బ్యాచ్ అమ్మాయి మర్నాడే డిజిటల్ మిషన్ పట్టుకొచ్చింది. ఈసారి నేను దయ గురించి మాట్లాడలేదు. ఇంకో నాలుగు నెలలకు మోకాళ్ల పేరు చెప్పి పని మానేశాను.

ఆయన భార్య పోయి ఏడు నెలలైంది. ఒకరోజు ఆడవాళ్ల బ్యాచ్ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చాయ్ ముట్టుకోకుండానే అడిగింది.

"ప్లాట్లాయనను చూసినవా సార్? బస్టాండ్ కాడ కనవడ్డడు. గుర్తు పట్టలే నేను. తిండి బంజేసిండట. బిడ్డ మాట్లాడతలేదట ఆయనతోని." తల వంచుకుని అంది. "ఆ మిషన్ సంగతి నాకు అప్పుడే అనుమానమొచ్చింది సార్. పెద్దోనివని ఊకున్న. నాది గూడ తప్పే."

నా తప్పులో ఆ పిల్ల వాటా అడుగుతుంటే సిగ్గేసింది. మరునాడు పొద్దున్నే ఆయన ఆఫీసుకు వెళ్లాను. గోడ నిండా వెంచర్ల ఫ్లెక్సీలు, బల్ల మీద లేఅవుట్ మ్యాపు. కుర్చీలో ఉన్న మనిషి మీద చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. నన్ను చూసి లేచాడు, నవ్వబోయాడు.

"అరవై ఒకటి ఉన్న సార్ ఇప్పుడు. ఎవ్వరు చెప్పకుండనే పోతున్నది."

కూర్చోలేదు నేను. నిలబడే అంతా చెప్పాను. పట్నం కోచ్, చక్రం, మొదటి రోజు ఒకటిన్నర, ఆ ఆదివారం రెండు, అన్నీ. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆయన కూర్చుని మ్యాపు మీద ఒక ప్లాటు గీతను వేలితో రుద్దాడు.

"అంటే... నేను తిన్నందుకు కాదా సార్?"

"నువ్వు తిన్నది అర కిలో తమ్మీ. మిగిలిందంత నేను తిప్పిందే."

ఆయన మ్యాపు మీద తల వాల్చి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. చివరికి ముఖం తుడుచుకుని లేచాడు. "నడువు సార్. గీ మాట మా పిల్లకు చెప్పు. నేను చెప్తే నమ్మది."

ఇల్లు రెండో అంతస్తులో. మెట్లెక్కుతుంటే మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు. ఆ పిల్ల తలుపు తీసింది. తండ్రి ముఖం చూడకుండా నా వంక చూసింది. లోపలికి పిలిచేలోగానే గడప దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. తలుపు పట్టుకుని కదలకుండా విన్నది.

"మీకు ఎప్పటిసంది ఎరుక సార్ గిది?"

"మొదటిసంది ఎరుకే బిడ్డా."

"ఏడు నెలలాయె సార్. మా బాపు నా ముందట కూసొని కడుపు నిండ ఒక్కపూట తినలే. తినబోతే నేను చూస్తుంటి. నేను చూస్తే ఆయన లేస్తుండె. నేనే తిననియ్యలే సార్."

క్షమించమని అడగాలని మెట్లెక్కుతూ అనుకున్నాను. అడిగే హక్కు నాకు లేదని అప్పుడు అర్థమైంది. ఆమె నన్ను దాటి తండ్రి వంక తిరిగింది.

"బాపూ, కాళ్లు కడుక్కో. అన్నం పెడుత."

ఆయన నా పక్కనుంచి లోపలికి వెళ్లాడు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను. తలుపు తెరిచే ఉంది. లోపల గిన్నె మీద గరిటె తగిలిన చప్పుడైంది.

"సాలు బిడ్డా."

"సాలదు."